మూడు గడియారాల పెళ్లి: సైప్రస్ నుంచి ఒక కేసు

సైప్రస్‌లో విదేశీ జంటల పెళ్లి కాగితాలు, ఏర్పాట్లు చూడటం నా వృత్తి. వచ్చేవారిలో ఎక్కువమంది బ్రిటన్, ఇజ్రాయెల్, లెబనాన్ దేశాలవాళ్లు. తెలుగువాళ్లు ఏడాదికి ఒక జంట వస్తే గొప్ప. ఇది అలా వచ్చిన ఒక జంట సంగతి. ఊళ్లు, ఉద్యోగాలు, కొన్ని తేదీలు మార్చాను. ఇద్దరి అనుమతితోనే రాస్తున్నాను. ఇందులో నేను చేసిన పొరపాట్లు రెండున్నాయి. వాటిని మాత్రం మార్చలేదు.

నేపథ్యం

అమ్మాయిది కోస్తా ఆంధ్ర, హిందూ కుటుంబం. అబ్బాయిది లెబనాన్‌లోని బీరూట్, మారోనైట్ క్రైస్తవ కుటుంబం. ఇద్దరికీ దుబాయిలో ఉద్యోగాలు, అక్కడే పరిచయం. ఎవరూ మతం మారదలచుకోలేదు. రెండు కుటుంబాలూ కొంత గొణిగి ఒప్పుకున్నాయి.

సైప్రస్ ఎందుకని తెలుగు పాఠకులకు సందేహం రావచ్చు. లెబనాన్‌లో పౌర వివాహ చట్టం లేదు. పెళ్లి, విడాకులు అక్కడ గుర్తింపు పొందిన 18 మతవర్గాల చేతుల్లో ఉంటాయి. వేరువేరు మతాలవాళ్లు పెళ్లాడాలంటే సాధారణంగా ఒకరు రెండోవారి మతపెద్దల గుమ్మం ఎక్కాలి. అయితే వేరే దేశంలో అక్కడి చట్టం ప్రకారం జరిగిన పౌర వివాహాన్ని లెబనాన్ తన రిజిస్టరులో రాసుకుంటుంది. తరువాత తగాదా వస్తే అక్కడి సివిల్ కోర్టు పెళ్లి జరిగిన దేశపు చట్టాన్నే చూస్తుంది. బీరూట్ నుంచి సైప్రస్‌లోని లార్నకాకు విమానంలో గంట కూడా పట్టదు. అందుకే ఎన్నో దశాబ్దాలుగా బీరూట్ ప్రేమజంటలకు ఈ దీవి పెళ్లిపందిరి అయింది. ఇజ్రాయెల్‌లోనూ పౌర వివాహం లేదు, అక్కడివాళ్లూ ఇందుకే వస్తారు. ఉదయం మునిసిపాలిటీ వరండాలో ఒక బెంచీ మీద టెల్ అవీవ్ జంట, పక్క బెంచీ మీద బీరూట్ జంట కూర్చుని ఉండటం నేను చాలాసార్లు చూశాను. రెండు జంటల చేతుల్లోనూ ఒకే రకం ఫైలు, ముఖాల్లో ఒకే రకం కంగారు.

మొదటి ఫోనులోనే వీళ్లకు ఇంకో దారి కూడా చెప్పాను. 2021లో వచ్చిన చట్టంతో అబూధాబిలో ముస్లిమేతరులకు పౌర వివాహం అందుబాటులోకి వచ్చింది. దుబాయి నుంచి కారులో వెళ్లి రావచ్చు. నా బేరం పోయినా అది చెప్పకపోతే తప్పు. వాళ్లు ఆలోచించి సైప్రస్‌కే మొగ్గారు. అబ్బాయి తల్లికి దూర ప్రయాణం కష్టం. అమ్మాయి సముద్రపు ఒడ్డున పెళ్లి కావాలని ఎప్పటినుంచో ఆశపడుతోంది. బీరూట్ రిజిస్టరు గుమాస్తాలకు సైప్రస్ కాగితం కొట్టిన పిండి అన్నది మూడో కారణం. నా దృష్టిలో అదే బలమైనది.

ఏమి కావాలని వచ్చారు

నవంబరు మొదటి వారం, కార్తీక మాసం. మొత్తం నాలుగు రోజులు, 42 మంది అతిథులు. మొదటి రోజు దిగడం. రెండో రోజు ఉదయం ఇసుకలో పందిరి వేసి హిందూ పద్ధతిలో పెళ్లి, అదే మధ్యాహ్నం మునిసిపాలిటీలో సంతకాలు. మిగతా రెండు రోజులు అందరికీ విహారం. కాగితం మీద చూస్తే ముచ్చటగానే ఉంది. ఒక్క రోజులో చట్టం, శాస్త్రం, ఫొటోలు మూడూ అయిపోతాయని అమ్మాయి సంబరం.

నేను అప్పుడే అభ్యంతరం చెప్పవలసింది. చెప్పలేదు. హోటలు గదులు దొరకడం, అత్తమామల వీసాలు, ఇవే పెద్ద సమస్యలని అనుకున్నాను. మా కేసు నాటికి సైప్రస్ యూరోపియన్ యూనియన్‌లో ఉన్నా, ఒకే వీసాతో తిరగగల ఐరోపా దేశాల షెంగెన్ కూటమిలో లేదు. అప్పట్లో, ఒకసారి వాడిన బహుళ ప్రవేశ షెంగెన్ వీసా చేతిలో ఉన్నవారికి విడిగా సైప్రస్ వీసా అక్కరలేదు. ఆంధ్ర నుంచి వచ్చే 14 మందిలో అలాంటివారు ముగ్గురే. మిగతావారి దరఖాస్తులతో నాకు రెండు నెలలు గడిచిపోయాయి. ఈ మధ్యలో ఒక బంధువు, దీవి ఉత్తర భాగంలో హోటళ్లు సగం ధరకే వస్తాయని, అక్కడే చేసేద్దామని సలహా ఇచ్చారు. అది మాత్రం వెంటనే ఆపాను. 1983లో ఉత్తర భాగం తనను తాను ప్రత్యేక దేశంగా ప్రకటించుకుంది. దాన్ని గుర్తించేది టర్కీ ఒక్కటే. అక్కడి పెళ్లి కాగితం పట్టుకుని బీరూట్‌లోనో ఢిల్లీలోనో నిలబడితే జవాబు దొరకదు. హోటలు గదిలో మిగిలిన డబ్బు లాయరుకు పోతుంది.

పేరు లేని పాపాయి

సైప్రస్ మునిసిపాలిటీకి పెద్దగా కాగితాలు అక్కరలేదు. పాస్‌పోర్టు, జనన ధ్రువపత్రం, అవివాహితులని చూపే పత్రం. ఇంతకు ముందు పెళ్లయి ఉంటే విడాకుల ఉత్తర్వో మరణ ధ్రువపత్రమో. ఇద్దరూ స్వయంగా హాజరై, ఈ పెళ్లికి చట్టపరమైన ఆటంకం ఏదీ లేదని అధికారి ఎదుట ప్రమాణం చేయాలి. ఇద్దరు సాక్షులు ఉండాలి. అంతే.

అబ్బాయి పని సులువుగా అయింది. లెబనాన్‌లో ఇఖ్రాజ్ ఖైద్ అని ఒక పత్రం ఉంటుంది. పౌర రిజిస్టరు నుంచి తీసిన నకలు అది. పుట్టుక, తల్లిదండ్రులు, పెళ్లయిందా లేదా, అన్నీ అందులోనే ఉంటాయి. ఒక దేశపు కాగితం ఇంకో దేశంలో చెల్లేలా వేసే ఒకే ముద్రను అపోస్టిల్ అంటారు. లెబనాన్ ఆ అపోస్టిల్ ఒప్పందంలో లేదు కాబట్టి అక్కడి విదేశాంగ శాఖ ముద్ర, ఆపైన బీరూట్‌లోని సైప్రస్ రాయబార కార్యాలయం ముద్ర వేయించాడు.

మనకు అలాంటి రిజిస్టరు లేదు. పెళ్లి కాలేదని మన దేశంలో నిరూపించుకోవడమంటే, కాలేదని మనమే ప్రమాణపత్రం రాసివ్వడం. అమ్మాయి దుబాయిలో ఉంది కాబట్టి తేలిక దారిలో అక్కడి భారత కాన్సులేట్ నుంచి అవివాహిత పత్రం తెచ్చుకుంది. దానికి అపోస్టిల్ వేయిస్తే సరిపోతుందని అనుకున్నాము. అక్కడ మొదటి దెబ్బ తగిలింది. అపోస్టిల్‌కు ఆధారమైన 1961 నాటి హేగ్ ఒప్పందం మొదటి అధికరణంలోనే, రాయబార, కాన్సులేట్ అధికారులు ఇచ్చిన పత్రాలకు అది వర్తించదని రాసి ఉంది. ఆ సంగతి నాకు తెలుసు, కానీ సమయానికి తట్టలేదు. ఇది నా మొదటి పొరపాటులో సగం.

మిగతా సగం జనన ధ్రువపత్రం. "ఉందా?" అని అడిగాను. "ఉందక్కా" అంది. చూపించమని అడగలేదు. సెప్టెంబరు రెండో వారంలో స్కాన్లు మునిసిపాలిటీకి పంపినప్పుడే నేనూ మొదటిసారి చూశాను. అందులో పుట్టిన తేదీ ఉంది, ఆసుపత్రి ఉంది, తండ్రి పేరు ఇంటిపేరు పొడి అక్షరంతో ఉంది, తల్లి పేరు ఉంది. బిడ్డ పేరున్న చోట ఒక గీత ఉంది.

తెలుగు ఇళ్లలో ఇది వింత కాదు. పుట్టిన 21 రోజుల్లో ఆసుపత్రివాళ్లో ఇంట్లోవాళ్లో నమోదు చేయిస్తారు. నామకరణం ఆ తరువాత ఎప్పుడో. పేరు చేర్పించుకోవడానికి ఏడాదిదాకా రుసుము లేదు, ఆపైన రుసుముతో 15 ఏళ్ల గడువు. పెద్దయ్యాక పదో తరగతి మార్కుల జాబితా మీదే అందరి దృష్టి కాబట్టి ఆ గీతను ఎవరూ పట్టించుకోరు. మా అమ్మాయి విషయంలో ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది. పైగా పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంది, జనన పత్రంలో తండ్రికి పొడి అక్షరమే ఉంది. సైప్రస్ గుమాస్తా కంటికి ఇది ఎవరిదో తెలియని ఒక పాపాయి కాగితం. ఆ మునిసిపాలిటీ వీలుకాదని చెప్పింది. కోపగించుకోవడానికి నాకు కారణం కనిపించలేదు. ఆ గుమాస్తా స్థానంలో నేనున్నా అదే రాసేదాన్ని.

ఏడు వారాలు మిగిలాయి. టిక్కెట్లు కొన్నారు, వీసాలు సగం వచ్చాయి.

ఏది కదులుతుంది, ఏది కదలదు

ఆ రాత్రి ముగ్గురం ఫోనులో కూర్చున్నాము. అమ్మాయి ఏడుస్తోంది. అబ్బాయి మొత్తం పెళ్లి జనవరికి వాయిదా వేద్దామంటున్నాడు. నేను ఒక కాగితం తీసి, ఏది కదలదో అది ఎడమవైపు, ఏది కదులుతుందో అది కుడివైపు రాసుకున్నాను. ముహూర్తం కదలదు. 42 మంది ప్రయాణం కదిలించవచ్చు కానీ ఖర్చు విపరీతం. మునిసిపాలిటీ సంతకం కదులుతుంది. సైప్రస్ చట్టంలో మామూలు పద్ధతికి నోటీసు ఇచ్చాక 15 రోజులు ఆగాలి, ఆపైన మూడు నెలల్లోపు ఎప్పుడైనా చేసుకోవచ్చు. ప్రత్యేక అనుమతి తీసుకుంటే ఆ 15 రోజులూ అక్కరలేదు. అంటే మేము చేసిన అసలు తప్పు కాగితంలో లేదు. కదిలేదాన్ని తీసుకెళ్లి కదలనిదానికి కట్టివేశాము.

విడదీద్దామని చెప్పాను. అప్పుడు ఏది ముందు అన్న ప్రశ్న వచ్చింది.

అమ్మాయి తల్లిగారికి తాళి కట్టడమే పెళ్లి, సంతకం ఎప్పుడైనా పెట్టుకోవచ్చు. తండ్రిగారి భయం వేరు. "తాళి కట్టాక కాగితం కాలేదంటే మా అమ్మాయి పరిస్థితి ఏమిటమ్మా?" అని నన్ను సూటిగానే అడిగారు. నేను ఆయన పక్షాన నిలిచాను, కానీ నా కారణం వేరు. అధికారి ఎదుట ఆమె తాను అవివాహితనని ప్రమాణం చేయాలి. అబ్బాయి హిందువు కాదు కాబట్టి హిందూ వివాహ చట్టం కింద ఆ తంతుకు చట్టపరమైన బలం రాదు. ఆ మేరకు ప్రమాణం అబద్ధం కాదు. అయినా మెడలో పసుపుతాడుతో, ఫోను నిండా తలంబ్రాల ఫొటోలతో, "నాకు పెళ్లి కాలేదు" అని ప్రమాణం చేసే అమ్మాయి పక్కన నిలబడటం నాకు ఇష్టం లేదు. అధికారి ఒక్క ప్రశ్న ఎక్కువ అడిగినా జవాబు చెప్పడానికి అరగంట పడుతుంది. చట్టం ముందు, శాస్త్రం తరువాత. సమయానికి కాగితం రాకపోతే శాస్త్రం ప్రకారం పెళ్లి చేసి, జంట మాత్రం జనవరిలో మళ్లీ రావాలి. ఆ ప్రమాణం కష్టం అప్పుడు పడదామని ఒప్పుకున్నాము. తల్లిగారికి మాత్రం నచ్చలేదు. "సంతకాన్ని నిశ్చితార్థం అనుకుంటాను" అన్నారు. అదే మాట మీద పని ముందుకు సాగింది. ఇలాంటి చోట ఎవరి అర్థం వాళ్లకు ఉండనివ్వడం మేలని నా అనుభవం.

అమ్మాయి సెలవు పెట్టి హైదరాబాద్ వెళ్లింది. అవివాహితనని నోటరీ ఎదుట కొత్త ప్రమాణపత్రం చేసింది. జనన పత్రంలోని పాపాయి, పాస్‌పోర్టులోని ఈ వ్యక్తి ఒక్కరేనని తల్లిదండ్రులు ఇద్దరూ మరో ప్రమాణపత్రం ఇచ్చారు. పదో తరగతి మార్కుల జాబితాలో పూర్తి పేరు, పుట్టిన తేదీ, తండ్రి పేరు ఉన్నాయి. గీత ఉన్న జనన పత్రాన్ని దాచలేదు, అదీ జతచేశాము. నాలుగింటికీ రాష్ట్ర ప్రభుత్వ ధ్రువీకరణ, ఆపైన విదేశాంగ శాఖ అపోస్టిల్. భారత్ ఈ ఒప్పందంలో చేరింది 2005లో. అంతకు ముందైతే ఒక్కో కాగితం ఢిల్లీలో రాయబార కార్యాలయాల చుట్టూ తిరగవలసి వచ్చేది.

ఇంకొకటి చేశాను. నాలుగు స్కాన్లకు పైన ఒక పేజీ జతచేసి, తెలుగు ఇళ్లలో ఇంటిపేరు ముందు వస్తుందని, పొడి అక్షరంగా రాయడం ఆనవాయితీ అని, నమోదు తరువాతే నామకరణం జరుగుతుందని, ఏ కాగితంలో ఏ పేరు ఎలా కనిపిస్తుందో ఒక చిన్న పట్టికతో రాశాను. దీన్ని వేరే ఊరి మునిసిపాలిటీకి పంపాను. మొదటి గుమాస్తా ఒకసారి వద్దన్నాక, అదే బల్ల మీద అదే ఫైలు మళ్లీ పెట్టడం ఆమెను ఇబ్బంది పెట్టడమే. కొత్త అధికారి రెండు ప్రశ్నలు అడిగి, అసలు ప్రతులు తెండి, చూస్తాను అన్నారు. ముహూర్తానికి పది రోజుల ముందు సంగతి అది.

రుసుము దగ్గర ఒక చిన్న మాట. మా కేసు నాటికి ఇక్కడ జంటలకు చాలా ఏళ్లుగా చెబుతూ వచ్చిన లెక్క, మామూలు పద్ధతికి 128.15 యూరోలు, ప్రత్యేక అనుమతికి 281.90 యూరోలు. ఈ చిల్లర ఎక్కడిదని ప్రతి జంటా అడిగేది. 2008లో సైప్రస్ యూరోకు మారింది. పాత సైప్రస్ పౌన్ల లెక్కకు తిప్పి చూస్తే అవి 75 పౌన్లు, 165 పౌన్లు అవుతాయి. మేము ఎక్కువదే కట్టాము. తేడా 153.75 యూరోలు. రెండు వారాల హోటలు ఖర్చు ముందు అది ఏమూలకు?

ముహూర్తం ఎక్కడి గడియారంలో?

కాగితాల గొడవలో పడి నేను రెండో పొరపాటు చేశాను. పంచాంగం చూసి ఊరి పురోహితుడు పెట్టిన ముహూర్తం ఆదివారం ఉదయం 9 గంటల 50 నిమిషాలు, ధనుర్లగ్నం. తండ్రిగారు గూగుల్‌లో చూసి సైప్రస్ రెండున్నర గంటలు వెనుక అని తేల్చి, 7 గంటల 20 నిమిషాలని నాకు చెప్పారు. నేను ఆ వేళకే స్థలం తెరిపించడానికి అదనపు సొమ్ము కట్టేశాను.

ఆయన చూసింది సెప్టెంబరులో. అక్టోబరు చివరి ఆదివారం ఇక్కడ గడియారాలు గంట వెనక్కి తిరుగుతాయి. నవంబరులో తేడా మూడున్నర గంటలు. అంటే హైదరాబాద్‌లో 9:50 అయ్యే క్షణానికి లార్నకాలో 6:20, సూర్యుడు అప్పుడే పైకి వస్తుంటాడు. అంత పొద్దున్నే 42 మందిని కూర్చోబెట్టడం ఎలాగని నేను తల పట్టుకున్నాను. బ్రిటన్ నుంచి రావడానికి ఒప్పుకున్న పురోహితుడు ఈ లెక్క విని నవ్వారు. ఊరి పంతులుగారికి వీసా సమయానికి రాలేదు. ఈయనకు బ్రిటిష్ పాస్‌పోర్టు ఉంది కాబట్టి ఆ బెడద లేదు.

"అమ్మా, తీసివేత లెక్క తిథికీ నక్షత్రానికీ పనికొస్తుంది, లగ్నానికి పనికిరాదు" అన్నారాయన. విడమరిచి చెప్పాక నాకు అర్థమైంది ఇది. తిథి, నక్షత్రం చంద్రుడు ఎక్కడున్నాడన్న దాన్ని బట్టి. అవి లోకమంతటా ఒకే క్షణంలో మారతాయి, మన గడియారంలో అంకె మాత్రమే వేరు. లగ్నం అలా కాదు. అది మనం నిలబడిన చోట తూర్పు అంచున ఏ రాశి లేస్తోందన్నది. హైదరాబాద్ రేఖాంశం సుమారు 78 డిగ్రీలు, లార్నకాది 34కు కొంచెం తక్కువ. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున భూమి దాదాపు మూడు గంటలు తిరగాలి, అప్పుడే అక్కడ లేచిన రాశి ఇక్కడ లేస్తుంది. అక్షాంశం కూడా 17 నుంచి 35కు మారింది కాబట్టి ఒక్కో రాశి లేవడానికి పట్టే సమయమూ కొంత అటూ ఇటూ అవుతుంది. 7:20కి ఇక్కడ ఉండేది వృశ్చికం, 6:20కి తుల. ధనుస్సు రావాలంటే ఇక్కడి గడియారంలో తొమ్మిదిన్నర ప్రాంతం కావాలి. ఆ వేళకు నక్షత్రం ఇంకా ఉందా అన్నది విడిగా చూడాలి. చూశారు, ఉంది. ఇక్కడి స్థానం పెట్టి మళ్లీ కట్టి 9:50కి కొంచెం ముందు సుముహూర్తం పెట్టారు. తిరిగి తిరిగి మొదటి అంకె దగ్గరికే వచ్చాము. ఊరి పంతులుగారి ముహూర్తమే నిలిచిందని తండ్రిగారు మురిసిపోయారు. ఆ సంబరాన్ని మేమెవరమూ సరిదిద్దలేదు.

పొద్దున్నే తెరవడానికి కట్టిన అదనపు సొమ్ము వెనక్కి రాలేదు. దాన్ని నా ఖాతాలో వేసుకున్నాను.

ఇసుక, నిప్పు, గాలి

ఒడ్డున హోమం కుదరదని హోటలువాళ్లు ఒక్క వాక్యంలో చెప్పారు. బతిమాలవద్దని నేనే అమ్మాయికి చెప్పాను. 2021 జూలైలో లిమసోల్ పైకొండల్లో, అరకపాస్ దగ్గర చెలరేగిన కార్చిచ్చులో నలుగురు కూలీలు చనిపోయారు. ఎండిన వేసవి తరువాత తొలి వానలు పడేదాకా ఈ దీవిలో నిప్పు అన్న మాటకే జనం ఉలిక్కిపడతారు. పైగా సముద్రపు గాలిలో హోమగుండం అంటే పట్టుచీరల మధ్య నిప్పురవ్వలు.

హోమం వదిలేద్దామని అబ్బాయి, వదిలేస్తే సప్తపది ఎలాగని తల్లిగారు. విద్యుత్ దీపం పెట్టి చుట్టూ తిరగమని ఎవరో అన్నారు. ఆ మాట అన్నవారి పేరు కూడా మారుస్తాను. చివరకు సముద్రాన్నే వదులుకున్నాము. లార్నకాకు పడమటి కొండల్లో ఒక పాత రాతి ఇల్లు, చుట్టూ ఎత్తు గోడలు, మధ్యలో చదునురాళ్లు పరచిన ముంగిలి. యజమాని రాతపూర్వకంగా ఒప్పుకున్నారు, అగ్నిమాపక కార్యాలయానికి ముందే కబురు పంపాము. జానెడు రాగి గుండం, లెక్కపెట్టిన సమిధలు, పక్కన రెండు బకెట్ల నీళ్లు, ఒక ఆర్పే సిలిండరు. అమ్మాయి కల మాట ఏమిటని అడగవచ్చు. నవంబరు మొదట్లో ఇక్కడ ఐదు గంటలకు ముందే పొద్దు వాలుతుంది. మూడున్నరకల్లా జంటను ఒడ్డుకు తీసుకెళ్లి ఫొటోలు తీయించాము. ఆమెకు కావలసింది ఆ వెలుగే, పందిరి కాదని నాకు అప్పటికి తెలిసింది. మొదట్లోనే అడిగి ఉంటే తెలిసేది.

పందిరికి అరటి చెట్ల కోసం భయపడ్డాను. కానీ పాఫోస్ వైపు అరటి తోటలు ఉన్నాయి. ఒక రైతు గెలలతో సహా నాలుగు బోదెలు నరికి ఇచ్చి, వీటితో ఏం చేస్తారని అడిగి, చెప్పాక తన భార్యతో పెళ్లికి వచ్చాడు. మామిడాకులు దొరకలేదు, తోరణం ఆలివ్ కొమ్మలతో కట్టాము. బెల్లం సంగతి మాత్రం హాస్యం. ఇక్కడ కరోబు కాయల నుంచి నల్లటి తీయని పాకం తీస్తారు, అచ్చం చెరుకు పానకంలా ఉంటుంది. జీలకర్రతో అది నూరుదామని నేను అంటే, అమ్మమ్మగారు వేలితో రుచి చూసి "బాగుంది, కానీ తల మీద పెట్టడానికి కాదు" అని తేల్చారు. లిమసోల్‌లో ఒక ఆసియా దుకాణంలో బెల్లం దొరికింది.

భోజనాల దగ్గర కూడా అంతే, వంటవాణ్ణి దుబాయి నుంచి తేవాలని మొదట అనుకున్నారు. సైప్రస్ పల్లెల్లో ఉపవాస దినాల వంటకాలని విడిగా ఒక వరుసే ఉంది, మాంసం, పాలు లేనివి. లూవి అంటే మన బొబ్బర్లే. కొలొకాసి అంటే మన చేమదుంపే, చలికాలపు పంట. ఊరి వంటావిడ రెండూ వండింది. పచ్చడి, నెయ్యి అతిథుల సంచుల్లోంచి వచ్చాయి. చేమదుంపను కత్తితో కోయకుండా పెచ్చులుగా విరవాలని ఆవిడ పట్టుపట్టింది. మా పెద్దత్తయ్యలాంటి ఒకావిడ దాన్ని చూసి తన పద్ధతే మేలని వాదించింది. భాష తెలియని ఇద్దరి వాదన పావుగంట సాగింది.

ఆ వారం

మంగళవారం జంట దిగింది. బుధవారం అసలు ప్రతులు చూపి, ప్రమాణం చేసి, రుసుము కట్టారు. గురువారం పెళ్లి పదిహేను నిమిషాల్లో ముగిసింది. అంతకు ముందు చిత్తుప్రతిని ఇద్దరి చేతా అక్షరం అక్షరం బిగ్గరగా చదివించాను. అమ్మాయి ఇంటిపేరు, పేరు తారుమారై ఉన్నాయి. టైపు చేసినవారి తప్పు కాదు, మన పేర్లు అలాంటివి. సంతకానికి ముందు దిద్దడం ఐదు నిమిషాల పని. తరువాతైతే నెలలు.

బయటకు వస్తుంటే మెట్ల మీద ఇంకో జంట మీద వాళ్ల బంధువులు బియ్యం చల్లుతున్నారు. ఇక్కడి ఆచారం అది. అమ్మాయి తల్లిగారు ఆగి చూశారు. "వీళ్లవీ తలంబ్రాలేనా?" అని అడిగి, ఆ రోజుకు మొదటిసారి నవ్వారు.

ఆదివారం పెళ్లి మామూలు తెలుగు పెళ్లిలాగే ఆలస్యంగా మొదలై సమయానికి ముగిసింది. అబ్బాయి తల్లి చర్చి ఆశీర్వాదం కావాలని చివరిదాకా కోరుకున్నారు. పౌర వివాహానికి తోడు మతపరమైన పెళ్లి కూడా జరిగితే రేపు ఏ కోర్టు పరిధి అన్న చిక్కు వస్తుందని బీరూట్ లాయరు హెచ్చరించారు. సైప్రస్‌లో శతాబ్దాలుగా మారోనైట్లు ఉన్నారు, రాజధాని నికోసియాలో వాళ్ల పెద్ద చర్చి ఉంది. సోమవారం ఆమె అక్కడికి వెళ్లి కొవ్వొత్తి వెలిగించి వచ్చారు. కోడలు వెంట వెళ్లింది.

నికోసియా పని మాకూ ఉంది. ఒకే పెళ్లికి రెండు దారుల్లో ముద్రలు కావాలి. భారత్ కోసం ఒక ప్రతికి అపోస్టిల్. లెబనాన్ కోసం ఇంకో ప్రతికి సైప్రస్ విదేశాంగ శాఖ ముద్ర, ఆపైన లెబనాన్ రాయబార కార్యాలయం ముద్ర. ఒక్క ప్రతే తీసుకుని ఇంటికెళ్లి, ఆరు నెలల తరువాత నాకు ఫోన్ చేసే జంటలు ఎందరో. 1969 నాటి విదేశీ వివాహ చట్టం 17వ సెక్షన్ కింద భారత అధికారుల దగ్గర నమోదుకు కూడా దరఖాస్తు పెట్టించాను. అబ్బాయి రేపు ఓసీఐ కార్డు (భారతీయుల విదేశీ జీవిత భాగస్వాములు కూడా పొందగల దీర్ఘకాల గుర్తింపు) అడగాలంటే పెళ్లి నమోదై రెండేళ్లు గడిచి ఉండాలి. అతిథులు ఈలోగా లెఫ్కారా లేసు గుడ్డలు కొన్నారు, ఉప్పు సరస్సు దగ్గర అప్పుడే వస్తున్న ఫ్లెమింగోలను చూశారు, ఎడమవైపే కారు నడపవచ్చని తెలిసి సంతోషించారు. జంటకు సొంత విహారం బుధవారం నుంచి దొరికింది. అతిథులంతా వెళ్లిపోయాక.

ఆ తరువాత నేను మార్చుకున్నవి

ఇప్పుడు ధర చెప్పడానికి ముందే జనన పత్రం ఫొటో అడుగుతాను. "ఉంది" అన్న మాట చాలదు, రెండు వైపులా చూడాలి. భారతీయ జంటలైతే పేర్ల పట్టిక నేనే తయారుచేసి ఫైలు పైన పెడతాను. అది లేకుండా ఏ మునిసిపాలిటీకీ ఇప్పుడు పంపడం లేదు. ముహూర్తం ఎవరైనా చెబితే "ఏ ఊరికి కట్టారు?" అన్నది నా మొదటి ప్రశ్న. చాలామంది పంతుళ్లకు ఇది తెలియదని కాదు, పెళ్లి ఎక్కడో వాళ్లకు ఎవరూ చెప్పరు, అంతే.

ఇద్దరూ భారతీయ హిందువులే అయి, విహారంతో పాటు పెళ్లి ముచ్చట కావాలంటే, చట్టం పని ఇక్కడ పెట్టుకోవద్దని చెప్పి పంపుతాను. శాస్త్రోక్తంగా పెళ్లి, రిజిస్ట్రేషను ఊళ్లో చేసుకుని, ఇక్కడికి పందిరి, ఫొటోలు, చేమదుంప కూర కోసం రమ్మంటాను. ఈ కాగితాల తిప్పలు వేరే దారి లేనివారికే. దీనివల్ల నాకు ఏటా ఒకటి రెండు పనులు పోతున్నాయి.

ఇంకా తేలనిది ఒకటుంది. మొదటి మునిసిపాలిటీకి ఆ వివరణ పేజీ ముందే జతచేసి పంపి ఉంటే ఒప్పుకునేవారేమో. అప్పుడు అందరూ అనుకున్నట్టే ఒకే రోజు రెండు పెళ్లిళ్లూ పెట్టుకుని ఉండేవాళ్లము. అది ఇంతకంటే బాగుండేదని మాత్రం నేను అనుకోవడం లేదు. 1191 మే 12న ఇంగ్లండ్ రాజు రిచర్డ్ ఇదే లిమసోల్‌లో బెరెంగారియాను పెళ్లాడాడు. వాళ్లూ ఇక్కడ పెళ్లి అనుకుని బయలుదేరలేదు, తుపాను ఓడలను ఇటు నెట్టింది. జంటలు కంగారు పడినప్పుడు ఈ కథ చెబుతాను, కొంచెం పనిచేస్తుంది.

మొన్న ఓసీఐ దరఖాస్తు నింపుతూ అమ్మాయి ఫోన్ చేసింది. "అక్కా, పెళ్లి తేదీ ఏది రాయాలి?" గురువారం నాటిదే రాయమన్నాను. ఇంట్లో మాత్రం ఆదివారం నాటి తిథి ప్రకారం చేసుకుంటున్నారట, కాబట్టి ఏటా తేదీ మారుతుంది. బీరూట్ అత్తగారు గురువారం తేదీకి ఫోన్ చేస్తారు. ఆ రోజు వీళ్లింట్లో ఎవరికీ గుర్తుండదు.